దాచిన మాటల అర: ఆరు నెలల వాడకం తర్వాత ఒక సమీక్ష

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో పట్టుచీరల నేత ఉంది. కుంభం అంచు చీరల ఫొటోలు యాప్‌లో పెట్టి, ధర, జరీ, పొడవు వివరాలన్నీ తెలుగులో రాసి, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు కొనేవాళ్లకు పంపడం నా పని. ఆ యాప్‌లోనే, కొత్తవాళ్ల నుంచి వచ్చే సందేశాల్లో మనం వద్దనుకున్న మాటలుంటే వాటిని కంటికి కనబడకుండా వేరే అరలోకి నెట్టేసే సదుపాయం ఒకటుంది. దానికి డబ్బు కట్టనక్కరలేదు. గత ఆరు నెలలుగా దాన్ని వాడుతున్నాను కాబట్టి, నాలాగా తెలుగులో వ్యాపారం చేసుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దాని అవసరం నాకెందుకు వచ్చిందంటే, పేరూ ముఖమూ లేని ఖాతాల నుంచి తిట్లు మొదలయ్యాయి. ఒడిశాలో బతుకుతూ తెలుగు రాతలేమిటని ఒకడు, ఆంధ్రావాళ్లను మోసం చేస్తున్న ఒడియా దానివని ఇంకొకడు. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒడిశాలో కలిసేనాటికే మావాళ్లు ఇక్కడ మగ్గం మీద కూర్చుని ఉన్నారన్న సంగతి ఆ ఇద్దరికీ అక్కరలేదు. వెనకటి ఆకాశరామన్న ఉత్తరాల్లో చేతిరాతో, తపాలా ముద్రో ఏదో ఒక జాడ దొరికేది. రెండేళ్లకోసారి జరిగే మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్రలో కూడా, ఒళ్లంతా రంగు పూసుకున్న పులివేషగాడు ఏ వీధి వాడో నడక చూసి చెప్పేస్తాం. ఇక్కడ మాత్రం నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు కలిపిన పేరు తప్ప ఏమీ ఉండదు.

సదుపాయాన్ని ఆన్ చేయడం తేలికే. యాప్ తనంతట తాను గుర్తించే చెడ్డ మాటలు కొన్ని ముందే ఉంటాయి కానీ, నాకు వచ్చిన తెలుగు తిట్లలో ఒక్కదాన్ని కూడా అది పట్టుకోలేదు. అందుకని జాబితా నేనే వేసుకోవలసి వచ్చింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. "వెధవ" అని ఎక్కించి, మా మేనల్లుడి చేత వేరే ఫోన్ నుంచి పంపించి చూశాను. "వెధవ" ఆగింది, "వెధవా" వచ్చేసింది, "వెధవల్లారా" కూడా దర్జాగా వచ్చి కూర్చుంది. మన భాషలో మాట ఒక్కచోట నిలవదు, విభక్తి చేరినా, సంబోధన చేరినా, బహువచనమైనా రూపు మారిపోతుంది. ఈ జాబితాకేమో అక్షరం అక్షరం సరిపోతే తప్ప మాటగా కనబడదు. "సిగ్గు లేదా" అని విడదీసి రాసేవాళ్లకు ఒకటి, "సిగ్గులేదా" అని కలిపి రాసేవాళ్లకు ఇంకొకటి ఎక్కించాలి. అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు. పన్నెండు తిట్లకు నా జాబితా అరవై నాలుగు మాటలయింది.

విసిగిపోయి, ఇన్ని రూపాలెందుకని ఒకనాడు ఉత్త "సిగ్గు" అని ఎక్కించాను. అది నేను చేసిన పెద్ద తప్పు. పదకొండు రోజుల తర్వాత దాచిన అర తెరిచి చూస్తే, తిట్ల మధ్యలో సోంపేట నుంచి ఒకావిడ సందేశం ఉంది: "అమ్మా, అడగడానికి సిగ్గు వేస్తోంది, అమ్మాయి పెళ్లికి వంగపండు రంగు చీర కావాలి, మూడు వాయిదాల్లో ఇస్తారా?" అప్పటికి ఆ పెళ్లికి ఆరు రోజులే ఉంది. ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుని, చీర మా తమ్ముడి చేత పంపించాను. తిట్టేవాడు వాడే మాటే మొహమాటపడేవాళ్లూ వాడతారన్నది నాకు ముందే తోచి ఉండవలసింది.

ఇంతకంటే బరువైన లోపం ఇంకొకటుంది. ఒక ఖాతా నుంచి వచ్చిన సందేశంలో తిట్టుతో పాటు "మీ మగ్గం తగలబెడతాం" అన్న బెదిరింపు కూడా ఉంది. తిట్టు జాబితాలో ఉండబట్టి యాప్ మొత్తం సందేశాన్ని దాచేసింది, నేను దాన్ని తొమ్మిది రోజుల తర్వాత గాని చూడలేదు. కంటికి శాంతి ఇవ్వడమే ఈ సదుపాయం పని, ఏది ఉత్త నోటిదురుసు, ఏది జాగ్రత్తపడవలసిన మాట అన్న తేడా దానికి తెలియదు. అలాంటప్పుడు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద కేసు పెట్టమని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్లున్నారు గానీ, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, పేరు దాచుకుని బెదిరించినవాడికి బెదిరింపుకు పడే శిక్షకు తోడు మరో రెండేళ్ల వరకు జైలు వేయవచ్చంటుంది. ఊరికే తిట్టినవాడు దాని కిందికి రాడు. నేను ఆ ఖాతాను బ్లాక్ చేసే ముందే తేదీ, సమయం, ఖాతా పేరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతా లింకును విడిగా రాసిపెట్టుకుని, కేంద్రం నడిపే సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాను. ఫిర్యాదులో ఇవ్వడానికి లింకు దగ్గర ఉండడం మంచిది.

బ్లాక్ చేసేటప్పుడు "ఆ మనిషి తెరవబోయే కొత్త ఖాతాలు కూడా" అన్న మాట వస్తుంది, దాన్ని ఎంచుకుంటే కొంత ఉపశమనమే. అయినా నెల తిరగకుండా అదే వాక్యాలతో, అవే అక్షరదోషాలతో ఇంకొక ఖాతా ప్రత్యక్షమైంది. అది ఆ మనిషే అయినా నాకేమీ ఆశ్చర్యం లేదు.

మొత్తం మీద ఐదుకు మూడు ఇస్తాను. పొద్దున్నే ఫోన్ తెరవగానే తిట్టు కనబడకపోవడం చిన్న మేలు కాదు, అంతకుముందు రెండు వారాలు నేను అసలు సందేశాలే తెరవలేదు. ఇప్పుడు "సిగ్గు"ను జాబితా నుంచి తీసేశాను. దాచిన అరను ఆదివారం, బుధవారం తప్పకుండా తెరుస్తున్నాం. తెరిచేది నేను కాదు, మా వదిన. అవి ఆవిడకు తగలవు. "వీడికి ఒత్తులు కూడా రావే, మనకు బుద్ధి చెబుతాడట" అని నవ్వుకుంటూ, కొనేవాళ్ల సందేశాలేమైనా ఉంటే వేరుచేసి, బెదిరింపులుంటే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతుంది. ఒడియా లిపిలో వచ్చేవాటికి మాత్రం ఇంకా జాబితా వేయలేదు, ఆ పని మా మేనల్లుడికి అప్పగించాను, వాడు బడిలో చదివింది ఆ భాషే.