నల్లరేగడి మీద ఏ హెలికాప్టర్ సర్వే నిలబడింది: 12 ఏళ్ల వాడకం తర్వాత

అనంతపురం, కర్నూలు, కడప నేలల మీద ఎగిరిన విద్యుదయస్కాంత సర్వేల (నేల లోపల కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో హెలికాప్టర్ నుంచి కొలిచేవి) డేటాతో 12 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఎంత లోతు చూస్తుందన్న ఒక్క లెక్కతో సిస్టమ్ ఎంచుకుంటే మన దగ్గర దెబ్బతింటాం. ఇక్కడ లెక్క తేల్చేవి నల్లరేగడి, కరెంటు తీగలు.

వజ్రకరూరు వైపు కింబర్లైట్ పైప్ (వజ్రాలు ఉండే అవకాశమున్న, గొట్టంలా లోతుకు దిగిన రాయి) పైభాగం శిథిలమై బంకమన్నుగా మారి ఉంటుంది. చుట్టూ ఉన్న గ్రానైట్‌లో కంటే అందులో కరెంటు తేలిగ్గా పారుతుంది. అలాంటి చోట పై 50 మీటర్లు విడమరిచి చూపడంలో ఫ్రీక్వెన్సీ డొమైన్ బర్డ్ (హెలికాప్టర్ కింద వేలాడుతూ, కొన్ని ఫ్రీక్వెన్సీల తరంగాలు ఆగకుండా పంపి కొలిచే గొట్టం) నాకెప్పుడూ నచ్చింది. కానీ రేగడి రాగానే దాని చూపు తగ్గుతుంది. 1000 హెర్ట్జ్ తరంగం 1000 ఓమ్-మీటర్ల (కరెంటును అడ్డుకునే గుణానికి కొలత) గ్రానైట్‌లో దాదాపు 500 మీటర్లు దిగితే, 10 ఓమ్-మీటర్ల రేగడిలో 50 మీటర్లకే నీరసిస్తుంది. పైగా ఎండ వేడికి రీడింగులు అసలు విలువ నుంచి పక్కకు జరుగుతాయి. మాటిమాటికీ పైకి లేచి సున్నా సరిచూసుకోవాలి.

కడప బేసిన్‌లో మందపాటి షేల్ (బంకమన్ను గట్టిపడిన పొరల రాయి) కింద ఏముందో చూడాలంటే టైమ్ డొమైన్ అనే రెండో రకం సిస్టమే దిక్కు. పెద్ద లూప్‌లో కరెంటు ఆపేసి, నేలలో మిగిలిన స్పందన ఎలా అణగుతుందో కొలుస్తుంది. కాకపోతే పెద్ద కరెంటు ఆగడానికి కొంత సమయం పడుతుంది, ఆలోపే పైపొరల సమాచారం జారిపోతుంది. స్కైటెమ్ అనే హెలికాప్టర్ సిస్టమ్‌లా చిన్న కరెంటుతో పైపొరనీ, పెద్ద కరెంటుతో లోతునీ మార్చిమార్చి కొలిచే పద్ధతికే నా ఓటు.

ఒక బ్లాకులో ఆఖరి గేట్ల (కరెంటు ఆపాక స్పందన కొలిచే సమయపు ముక్కలు) దాకా నిలిచిన నున్నటి డికే, అంటే స్పందన అణగే గీత, కనబడింది. పైపే అనుకుని వెళ్లాం. తీరా చూస్తే వేరుశనగ చేను, బోరు మోటరు, పక్కనే ట్రాన్స్‌ఫార్మర్. ఎర్త్ చేసిన స్తంభాలు, తీగ, నేల కలిసి ఒక లూప్ అయిపోయి, అచ్చం రాతిలాగే స్పందించాయి. గట్టున నిలబడ్డ రైతు "ఏం సార్, నీళ్లేమైనా కనపడినాయా?" అని అడిగాడు. ఆ సెక్షన్ (నేలను నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) చెడింది గానీ, హెలికాప్టర్ ఎగిరిన పక్క లైన్‌లో నీళ్లు నిలిచే శిథిల పొర ఎక్కడ మందంగా ఉందో బాగానే తెలుస్తోంది. అదే ఆ రైతుకు చూపించి వచ్చాను.

అప్పటినుంచి 50 హెర్ట్జ్ మానిటర్ ఛానల్ (కరెంటు తీగల ప్రభావం ఎక్కడుందో చూపేది) చూడకుండా ఏ అనామలీకీ, అంటే చుట్టుపక్కలకు భిన్నమైన స్పందనకు, గుర్తు పెట్టను. కొలతల నుంచి లెక్కగట్టిన ఇన్వర్షన్ సెక్షన్లతో పాటు ముడి డికేలు కూడా ఇవ్వాలని కాంట్రాక్టులోనే రాయించండి. కింబర్లైట్ కోసమైతే లైన్ల మధ్య దూరం 100 మీటర్లు దాటనివ్వకండి. 200 పెడితే చిన్న పైప్ రెండు లైన్ల నడుమ ఉండిపోతుంది.