గుర్తులేని టంకం తీగలు, వన్‌టౌన్‌లో టంచ్ పరీక్ష

మా నాన్నగారి పనిపెట్టెలో మూడు తీగచుట్టలు దొరికాయి. మూడూ వెండి టంకంలాగే (వెండి ముక్కలను కరిగి అతికించే లోహంలాగే) ఉన్నాయి కానీ, ఏది ఎంత వేడికి కరుగుతుందో తెలిపే గుర్తు ఒక్కదానికీ లేదు. ఇంట్లోనే పట్టీలకూ మెట్టెలకూ మాట్లు వేసుకునే నాకు ఇది తెలియక తప్పదు. మొదటి అతుకుకు గట్టి టంకమూ, తరువాతి అతుకులకు అంతకంటే తక్కువ వేడికి పారేదీ వాడకపోతే, రెండో మాటు పడేలోపే మొదటిది ఊడివస్తుంది.

ఒకదాని సంగతి ఇంట్లోనే తేలిపోయింది. సోల్డరింగ్ ఐరన్ మొన తగలగానే కరిగిందంటే అది తగరం పాలు ఎక్కువగా ఉన్న మెత్తని రకమే. దానితో అతికిన నగను మళ్లీ ఎర్రగా కాల్చితే, ఆ తగరం వెండిని తిని గుంటలు పెడుతుంది. రెండోదాన్ని కాల్చగానే గోధుమరంగు పొగ లేచింది. వెంటనే మంట ఆర్పి, కిటికీలు తెరిచి, మిగిలిన రెండు చుట్టలనూ విజయవాడ వన్‌టౌన్‌లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో, అంటే ఎక్స్ కిరణాలతో, టంచ్ (లోహాల పాళ్లు) చూసే ఒక దుకాణానికి తీసుకువెళ్లాను.

ముక్కకు వంద రూపాయలు తీసుకున్నారు. యంత్రం దగ్గర కూర్చున్న కుర్రవాడు తీగ పైపొరను ఆకురాయితో గీసిన తరువాతే లోపల పెట్టడం నాకు నచ్చింది. ఈ పరీక్ష పైపొరను మాత్రమే చదువుతుంది. ఆమ్లంలో నానిన తీగకు పైన వెండి పాలు ఎక్కువగా కనిపిస్తుంది. నచ్చనిది రెండో తీగకు వారిచ్చిన చీటీ. అందులో ‘వెండి 45, ఇతరములు 55’ అని మాత్రమే ఉంది. నగ అమ్ముకునేవారికి అది చాలు, నాకు కావలసినదంతా ఆ ‘ఇతరములు’ లోనే ఉంది. రెండుసార్లు అడిగాక, కొంత విసుగుతోనే, పూర్తి చీటీ తీసి ఇచ్చారు: రాగి 15, జింకు 16, కాడ్మియం 24. కేడీఎం నగల పేరులో ఉన్నది ఈ కాడ్మియమే. ఈ పాళ్ల టంకం దాదాపు 618 డిగ్రీల సెల్సియస్‌కే పూర్తిగా కరుగుతుంది కనుక పని సులువే. కానీ కాడ్మియం 767 డిగ్రీలకు మరుగుతుంది, మంట ఏమాత్రం హెచ్చినా విషపు పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మూడో తీగలో వెండి 70, రాగి 20, జింకు 10 వచ్చాయి, కాడ్మియం లేదు. అయినా చీటీని నమ్మి ఊరుకోకుండా, ఇంటికి వచ్చి పాత వెండి రేకుపై దాని తునకనూ, నా దగ్గరున్న 75 శాతం గట్టి టంకం తునకనూ పక్కపక్కన పెట్టి, వెలిగారం పూసి, కింది నుంచి వేడి చేశాను. గట్టి తునక అంచులు ఇంకా పదునుగా ఉండగానే మన తీగ ముక్క గుండ్రమై, ఒక్క మెరుపు మెరిసి, నీళ్లలా పారింది. దానికి ‘మధ్యరకం’ అని అట్టముక్క కట్టాను.

ఈసారి కూడా అదే దుకాణానికి వెళతాను. అయితే డబ్బు ఇవ్వకముందే పూర్తి చీటీ అడుగుతాను.