వేషం వేసుకుని డీ అండ్ డీ: బెజవాడ ఉక్కపోతలో కొన్నేళ్లు వాడి చూశాక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. దానికి వేషం అక్కర్లేదు. 1974లో ఆట వచ్చినప్పటి నుంచీ కావాల్సింది కాగితం, పెన్సిలు, పాచికలు, కాస్త ఊహ. లేచి తిరుగుతూ, కత్తులు తిప్పుతూ ఆడే లార్ప్ వేరు, అక్కడ వేషమే సగం ఆట. మాది బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. అయినా మా మొగల్రాజపురం బ్యాచ్‌కి వేషాల పిచ్చి పట్టింది, ఇంకా వదల్లేదు. ఆదివారాలు రకరకాలవి వేసుకుని ఆడాక నా తీర్పు ఇది: ఒంటినిండా వేషం దండగ, భుజం మీద ఒక్క గుడ్డ మాత్రం పెట్టిన డబ్బుకి పదింతలు పనికొస్తుంది.

ముందు దండగ సంగతి. స్కూలు వార్షికోత్సవాలకి డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకి వెళ్తే షాపాయన "బాబు ఏ క్లాసు సార్?" అన్నాడు. నాకే అంటే ఎగాదిగా చూసి అటక మీంచి ఓ మూట దించాడు. పైన కలరా ఉండల వాసన, దాని కింద ఎవరిదో పాత చెమట. మఖమలు కోటు మెడ దగ్గర జరీ అంచు గీరుకుని గంటలో దద్దు తేలుతుంది. అట్టకి బంగారు కాగితం అంటించిన కిరీటం చెమటకి మెత్తబడి కనుబొమల మీదికి జారుతుంది. ప్లేట్ ఆర్మర్, అంటే ఒళ్లంతా లోహపు కవచం వేస్తే ఆటలో ఏసీ (ఆర్మర్ క్లాస్, దెబ్బ తగలకుండా కాచే అంకె) 18. ఇంట్లో ఏసీ 18లో పెట్టినా ఆ కోటులో చెమట ఆగదు.

విజర్డ్ (మాంత్రికుడు) అంగీ ఇంకో రకం. వెడల్పు చేతులు, చూడ్డానికి బాగుంటాయి. పాచిక వేద్దామని చెయ్యి చాపగానే మ్యాప్ మీది గాబ్లిన్ బొమ్మలు, మా ఫైటరు బొమ్మ, థమ్సప్ గ్లాసు అన్నీ ఒకే ఊపులో కిందికి. ఆటలో ఫైర్‌బాల్ మంత్రం పేలినా చుట్టూ 20 అడుగులే, నా చేతికి మ్యాపంతా చాలదు. ఇక అంటించుకునే గడ్డంతో పునుగులు, అల్లం చట్నీ తినడం గురించి చెప్పకపోవడమే మంచిది.

గుడ్డ కథ వేరు. వస్త్రలతలో ముదురాకుపచ్చ నూలు గుడ్డ కొని, మా సందులో టైలర్ చేత అంచులు కుట్టించి మెడ దగ్గర హుక్ పెట్టించాను. అది వేసుకుంటే నా రేంజర్ (ఆటలో నా పాత్ర, అడవి వేటగాడు) మాట్లాడుతున్నట్టు, తీసేస్తే నేను మాట్లాడుతున్నట్టు. బల్ల దగ్గర ఇది పెద్ద సుఖం. "ఈ ముసలాణ్ణి నేను నమ్మను" అని ఎవరైనా అంటే, అది క్యారెక్టర్ మాటా, ఆడేవాడి సలహానా అని డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి) ఆగి అడగక్కర్లేదు. మామూలుగా నోరు విప్పని తమ్ముడొకడు కండువా వేసుకోగానే దొంగల ముఠా నాయకుడితో బేరాలాడేశాడు. కండువా మారిస్తే మనిషే మారిపోవడం మనవైపు కొత్తేం కాదనుకోండి.

అందరికంటే లాభపడింది మా డీఎం అక్క. ఒక్క మనిషే సత్రం యజమాని, కాపలావాడు, మంత్రగత్తె అన్నీ కావాలి కదా. బీసెంట్ రోడ్డులో ఏరిన టోపీలు, చున్నీలు ఓ బుట్టలో పెట్టుకుంటుంది. తువ్వాలు తలకి చుడితే సత్రం, నల్ల చున్నీ పైకి తీస్తే బల్లంతా గప్‌చిప్.

కొనేవాళ్లు నడుము పైనే ఖర్చు పెట్టండి, కింద బల్ల ఎలాగూ దాచేస్తుంది. మా పాలడిన్ (ధర్మవీరుడి పాత్ర) ఆడేవాడికి పైన కవచం, కింద గళ్ల లుంగీ. తలముసుగు మాత్రం వద్దు, పక్కవాడి మాట వినబడదు, పాత్ర వివరాలు రాసుకున్న షీటు మీద నీడ పడుతుంది. ముదురు రంగు గుడ్డ మొదటిసారి విడిగా ఉతకండి. మే నెలలో కరెంటు పోతే అదీ మడిచి పక్కన పెట్టి, వేలికి ఉంగరంతో సరిపెట్టుకోండి. కొత్తవాళ్లయితే క్యారెక్టర్ కనీసం మూడో లెవెల్ దాకా బతికాకే టైలర్ దగ్గరికి వెళ్లండి. మొదటి లెవెల్లో ప్రాణాలకి గ్యారంటీ లేదు, టైలర్ అడ్వాన్సు వెనక్కివ్వడు.