స్టేజీ మీద మిడీ, పవర్ కేబుళ్లు: రెడీమేడ్ మేలా, సొంత టంకం మేలా, ఎక్స్‌ఎల్‌ఆర్ మేలా?

గిటారిస్టు కాళ్ల దగ్గర ఫుట్ కంట్రోలర్ (కాలితో నొక్కి సౌండు మార్చే బటన్ల బోర్డు), వెనకాల ర్యాకులో ప్రాసెసరు, యాంపు. కంట్రోలర్‌కూ ర్యాకుకూ మధ్య పోయే తీగలు మూడు: గిటార్ సిగ్నల్, మిడీ (బటన్ నొక్కగానే టోన్ మార్చమని ప్రాసెసరుకు చెప్పే డిజిటల్ సిగ్నల్), పవర్. గదిలో ప్రాక్టీసుకైతే ఏ కేబులైనా నడుస్తుంది. నల్లగొండ, పాలమూరు వైపు ఊరూరా తిరిగి వాయించే బ్యాండు సంగతి వేరు. మన స్టేజీలు చాలావరకు టెంట్ హౌస్ వాళ్లు ఆ పూటకు వేసేవి. బల్లల మధ్య సందులు, పైన కార్పెట్, అంతటా దుమ్ము. సన్మానానికి పైకెక్కిన వాళ్లంతా కేబుల్ తొక్కుకుంటూనే పోతారు. కరెంటు చాలాసార్లు జనరేటర్‌దే.

రెడీమేడ్ మిడీ కేబుల్ చౌక, తేలిక. రికార్డింగ్ గదికి అది చాలు, అక్కడ అంతకు మించి ఖర్చు దండగ. స్టేజీ మీదికి వచ్చేసరికి రెండు ఇబ్బందులు. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ పోతపోసి ఉంటుంది కాబట్టి లోపల తీగ తెగితే విప్పి బాగుచేయలేం. రెండోది, మిడీ కేబుల్‌కు ఉండే గుండ్రటి ప్లగ్గుకు, అంటే మామూలు డిన్ ప్లగ్గుకు, లాక్ ఉండదు. కాలు తగిలి గుంజుకుంటే ఊడొస్తుంది. పాట మధ్యలో క్లీన్ టోన్‌కు మారాల్సిన చోట డిస్టార్షన్ అలాగే మోగుతూ ఉంటే ఆ టెన్షన్ వాయించేవాడికే తెలుసు.

సొంతంగా టంకం వేసుకున్న కేబుల్ దీనికంటే చాలా గట్టిది. మెటల్ షెల్ ఉన్న 5 పిన్నుల డిన్ ప్లగ్గులు, రెండు కోర్ల మంచి మైక్ కేబుల్ తీసుకుంటే పనవుతుంది. హైదరాబాద్ పోయినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. మిడీకి కావాల్సింది మూడు పిన్నులే: 4, 5 సిగ్నల్‌కు, 2 షీల్డుకు (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు). టంకం వేసేటప్పుడు ప్లగ్గును ఒక ఆడ సాకెట్‌లో గుచ్చి పెట్టుకోండి. వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకు జరగవు. ప్రతి అతుకు మీద హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. ప్లగ్గు వెనకున్న బిగింపు కేబుల్ పైతొడుగును పట్టుకోవాలి, గుంజినప్పుడు బలమంతా దాని మీదే పడాలి. అతుకు మీద పడితే ఎంత బాగా టంకం వేసినా నిలవదు.

ఇంత చేసినా లాక్ లేని ఇబ్బంది తీరదు. అందుకే ఊర్లు తిరిగే బ్యాండుకు నా ఓటు మూడో దారికే. పెడల్‌బోర్డుకు (కంట్రోలర్, పెడల్స్ బిగించిన పలక) ఒకటి, ర్యాకుకు ఒకటి 3 పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు (మైక్ కేబుళ్లకు వాడే రకం) బిగించి, అక్కడి నుంచి లోపలికి జానెడు డిన్ తోక, అంటే చివర డిన్ ప్లగ్గున్న పొట్టి కేబుల్, వేసుకోవడం. బయట పరిచేది మామూలు మైక్ కేబులే. అది టిక్కున లాక్ అవుతుంది. మిడీ నడిచేది షీల్డు లోపలి రెండు తీగల మీద, 5 మిల్లీ యాంపుల కరెంటుతో. మైక్ కేబుల్ దానికి సరిగ్గా సరిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకొకటి: దేవరకొండలోనో కల్వకుర్తిలోనో రాత్రి పది గంటలకు కేబుల్ తెగితే మిడీ కేబుల్ దొరకదు, మైక్ కేబుల్ మాత్రం ఆ సౌండ్ సిస్టం అన్న పెట్టెలోనే ఉంటుంది. పొడవు మొత్తం 15 మీటర్లు దాటనివ్వకండి, మిడీకి పెట్టిన హద్దు అదే.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. మిడీ ఇన్ (సిగ్నల్ అందుకునే సాకెట్) వైపు షీల్డును సాకెట్ బాడీకి గానీ పరికరం గ్రౌండుకు గానీ కలపొద్దు. సిగ్నల్ ఆప్టో ఐసోలేటర్ (సిగ్నల్‌ను వెలుగుగా మార్చి దాటించే భాగం) గుండా పోయేలా మిడీని తయారుచేసిందే గ్రౌండు లూప్ (పరికరాల గ్రౌండ్లు ఒకటికి మించిన దారుల్లో కలవడం) రాకుండా. మనం కలిపితే హమ్‌ను, అంటే స్పీకర్లో గుర్రుమనే మోతను, పిలిచి తెచ్చుకున్నట్టే. ఇక ఆ కేబుల్‌ను ఎవరైనా మిక్సర్‌లో గుచ్చితే ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైకులకు అదే కేబుల్ మీద పంపే కరెంటు) 48 వోల్టులు మిడీ సర్క్యూట్ మీదికి రావచ్చు. రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టి, సాకెట్ పక్కన మిడీ అని పెద్దగా రాయండి.

పవర్ దగ్గర చాలామంది ఆశపడేది ఒకే కేబుల్‌కు. మిడీలో 1, 3 పిన్నులు ఖాళీగా ఉంటాయి కదా, వాటి మీదే కంట్రోలర్‌కు కరెంటు పంపే పద్ధతి ఉంది. 7 పిన్నుల డిన్ వాడే పరికరాలూ ఉన్నాయి. చిన్న కంట్రోలర్‌కు, తక్కువ దూరానికి ఇది హాయిగానే ఉంటుంది. దూరం పెరిగితే సన్న తీగ వోల్టేజీ తినేస్తుంది. 0.22 చదరపు మిల్లీమీటర్ల తీగ 10 మీటర్లు వేస్తే పోనూ రానూ 20 మీటర్లు, సుమారు 1.6 ఓములు. 500 మిల్లీ యాంపులు లాగే కంట్రోలర్‌కు 9 వోల్టుల్లో 0.8 పోతుంది. 0.75 తీగ వేస్తే పోయేది పావు వోల్టు లోపే. పైగా ఆ ఒక్క కేబుల్ తెగితే మిడీ, పవర్ రెండూ ఒకేసారి పోతాయి. కాబట్టి పవర్‌కు వేరే తీగ, 4 పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్‌తో. అది 3 పిన్నుల దాంట్లో దూరదు, చీకట్లోనూ పొరపాటు జరగదు. రెండు కేబుళ్లనూ ఒకే అల్లిక స్లీవులో వేసుకుంటే పరచడానికి ఒకటే.

బోర్డు మీద పెడల్స్ ఎక్కువుంటే మాత్రం 230 వోల్టులే అక్కడిదాకా తీసుకెళ్లడం మేలు. 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ రాగి కేబుల్, లాక్ అయ్యే పవర్‌కాన్ ట్రూ1 కనెక్టరు వాడండి. దాన్ని గిటార్ కేబుల్‌కు ఆనించి పరచకండి, 50 హెర్ట్‌జ్ గుర్రు ఎక్కుతుంది. గుర్రు పోవడానికి ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే ససేమిరా ఒప్పుకోకండి. చేతిలో గిటార్ తీగలు, పెదవికి మైకు, ఎర్త్ లేని జనరేటర్ లైను కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. హమ్ ఉంటే గిటార్ సిగ్నల్ దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించండి, ఎర్త్‌ను మాత్రం ముట్టుకోకండి.