ఎస్‌వీజీ ప్యాకులు, తెలుగు టైటిళ్లు కొనేవాళ్లకు హెచ్చరిక: డబ్బు కట్టే ముందు ఒక్క ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి

ఆన్‌లైన్‌లో ఎస్‌వీజీ (బొమ్మను గీతల కోడ్‌గా దాచే వెక్టర్ ఫైల్, ఎంత పెద్దది చేసినా మసకబారదు) ఐకాన్లు, లోగోలు, తెలుగు శీర్షికలు కొని వెబ్‌సైట్లకు వాడేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఒక మిఠాయి దుకాణం వెబ్‌సైట్ కోసం పండుగల ప్యాక్ ఒకటి కొన్నాను. "నూటికి నూరు శాతం వెక్టర్, అన్ని బ్రౌజర్లలోనూ పనిచేస్తుంది" అని అమ్మకం పేజీలో పెద్ద అక్షరాలతో రాశారు. కలశాలు, తోరణాలు, దీపాలు, తెలుగు శుభాకాంక్షలు అన్నీ ఆ పేజీలో చక్కగా కనిపించాయి. కానీ అక్కడ చూపించేవి పీఎన్‌జీ (ఫొటోలా చుక్కలతో ఉండే బొమ్మ) నమూనాలు. అసలు ఎస్‌వీజీ ఫైల్ డబ్బు కట్టాకే మన చేతికి వస్తుంది.

ముందు తెలుగు అక్షరాల సంగతి చెబుతాను. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. శీర్షికలను అను ఫాంట్లలో (ప్రింటింగ్ డీటీపీ పనికి వాడే తెలుగు ఫాంట్లు) టైప్ చేసి, కర్వ్స్ చేయకుండా, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చకుండా, అలాగే సేవ్ చేసి అమ్మేశారు. డీటీపీ పని చేసే కంప్యూటర్‌లో ఆ ఫాంట్లు ఉంటాయి కాబట్టి ఏ తేడా తెలియదు. దుకాణం యజమాని ఫోన్‌లో తెరిస్తే మాత్రం శుభాకాంక్షలు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు వచ్చాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి కోడ్ ఉండే పద్ధతి) కావు. ఫైల్ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఆ ఫాంట్ మాత్రమే. పండక్కి ముందు కస్టమర్ నుంచి అలాంటి స్క్రీన్‌షాట్ వస్తే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

యూనికోడ్‌లో టైప్ చేసిన శీర్షికలైనా పూర్తిగా నమ్మడానికి లేదు. మండలి, రామభద్ర లాంటి ఫాంట్ చూసేవాళ్ల దగ్గర లేకపోతే విండోస్‌లో ఒక తెలుగు ఫాంట్, ఆండ్రాయిడ్‌లో ఇంకొకటి, ఐఫోన్‌లో మరొకటి వచ్చి కూర్చుంటుంది. చదవడానికి వస్తుంది గానీ, అక్షరాల వెడల్పు మారిపోయి శీర్షిక అంచు దాటిపోతుంది. మన పేజీకి ఆ ఫాంట్ లింక్ చేసి ఉన్నా, ఎస్‌వీజీని ఇమేజ్ ట్యాగ్‌తో పెడితే లాభం లేదు. అలా పెట్టిన ఎస్‌వీజీ బయటి ఫైళ్లు వేటినీ తెచ్చుకోకుండా బ్రౌజర్లు ఆపేస్తాయి. అందుకే అక్షరాలను కర్వ్స్ చేసి ఇవ్వడం అమ్మేవాళ్ల కనీస బాధ్యత.

ఇక కలశం బొమ్మ. ఒక చిన్న ఐకాన్‌కి అంత సైజు ఎందుకుందా అని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. గీతల కోడ్ ఎక్కడా లేదు. ఒక ఇమేజ్ ట్యాగ్, దాని వెనక బేస్64 (ఫైల్‌ను అక్షరాలుగా మార్చి రాసే పద్ధతి) అని మొదలై పేజీల కొద్దీ అర్థంకాని అక్షరాలు. అంటే మామూలు పీఎన్‌జీని ఎస్‌వీజీ కవర్‌లో పెట్టి అమ్మారు. పెద్దది చేస్తే ఏ బ్రౌజర్‌లోనైనా మసకబారుతుంది. దీన్ని వెక్టర్ అని అమ్మడం పచ్చి మోసం, ఇంకో మాట లేదు.

నిజంగా గీతలతో చేసిన ఐకాన్లలోనూ తిప్పలున్నాయి. కొన్నింటికి వ్యూబాక్స్ (సైజు మార్చినప్పుడు బొమ్మ సరిగ్గా సరిపోవడానికి కొలతలు చెప్పే కోడ్) లేదు, చిన్నది చేస్తే బొమ్మ తగ్గకుండా సగం కోసుకుపోయింది. ఇంకొన్ని ఐకాన్లు విడిగా బాగానే ఉన్నాయి, ఒకే పేజీలో కోడ్‌గా పెట్టగానే దీపం రంగు తోరణానికి అంటుకుంది. ఇలస్ట్రేటర్ (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) నుంచి నేరుగా సేవ్ చేస్తే రంగులు చెప్పే కోడ్‌కి ఫైల్ ఫైల్‌కీ సీఎల్ఎస్-1, సీఎల్ఎస్-2 లాంటి అవే పేర్లు పడుతుంటాయి, పేజీలో అవి ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. వెబ్ కోసం అమ్మే ప్యాక్‌లో పేర్లు మార్చి ఇవ్వాలి.

ఐకాన్లన్నీ కలిపి ఇచ్చిన స్ప్రైట్ ఫైల్ మరీ అన్యాయం. అందులో ఐకాన్‌ను పిలిచే లింకులన్నీ కొత్త పద్ధతిలోనే (ఎక్స్‌లింక్ లేకుండా, href అని మాత్రమే) రాశారు. ఆపిల్ బ్రౌజర్ సఫారీ ఆ పద్ధతిని అందుకున్నది 2019లో, 12.1 వెర్షన్‌తో. అంతకు ముందే అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఐఫోన్లు, ఐప్యాడ్లలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. పాత ఎక్స్‌లింక్ పద్ధతిలో (xlink:href) రాస్తే పాత, కొత్త ఫోన్లు రెండింటిలోనూ వచ్చేది. ఇంకో మాట, ఐఫోన్‌లో క్రోమ్ వేసి చూశాం కాబట్టి రెండు బ్రౌజర్లలో పరీక్షించామని అనుకోకండి. మన దేశంలో ఐఫోన్ మీద క్రోమ్ లోపల పేజీని చూపించేది కూడా సఫారీలో ఉండే ఆపిల్ వెబ్‌కిట్ ఇంజనే. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో విడిగా చూడాల్సిందే.

అమ్మినవాళ్లకు స్క్రీన్‌షాట్లు పంపితే "మీ కస్టమర్ పాత బ్రౌజర్ వాడుతున్నారు" అన్నారు. అను అక్షరాలకూ, బేస్64 కలశానికీ బ్రౌజర్ వయసుతో సంబంధమే లేదు. ఎస్‌వీజీ 1.1 ప్రమాణం 2003లో వచ్చింది. వెనకబడిందని అందరూ తిట్టుకున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా 2011లో తొమ్మిదో వెర్షన్‌తో ఎస్‌వీజీ చూపించింది, 2022 జూన్‌లో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతే ఆపేసింది. అదే చెబితే, డిజిటల్ వస్తువు కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వమన్నారు.

కాబట్టి కొనేముందు ప్యాక్‌లోంచి ఒక ఐకాన్, ఒక తెలుగు శీర్షిక శాంపిల్‌గా అడగండి. పీఎన్‌జీ కాదు, ఎస్‌వీజీయే కావాలనండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతకండి. బేస్64 (base64) కనిపిస్తే లోపలున్నది చాలావరకు ఫొటోయే. టెక్స్ట్ ట్యాగ్ (<text) కనిపిస్తే అక్షరాలు కర్వ్స్ కాలేదు. వ్యూబాక్స్ (viewBox) కనిపించకపోతే సైజు మార్చినప్పుడు గొడవ తప్పదు. తర్వాత ఆ శీర్షికను తెలుగు డీటీపీ ఫాంట్లు లేని ఫోన్‌కి పంపి బ్రౌజర్‌లో తెరవండి. శాంపిల్ ఇవ్వనంటే ఎంత చవకైనా వదిలేయండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు "అన్ని బ్రౌజర్లలోనూ పనిచేస్తుంది" అని రాసిన ఆ పేజీని వాళ్లు మార్చకముందే స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో పాటు దాచుకోండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ రెండూ దగ్గర పెట్టుకోండి.