కాయకి అయిదు రూపాయలు: రాజమండ్రిలో ఆవకాయ ముక్కలు కొట్టే ఒకాయన గురించి

నేను జాకెట్లు కుడతాను. పదిహేడేళ్ళుగా అదే పని, దానవాయిపేటలో ఇంటి ముందు గదిలోనే మిషను. అందుకే ఎవరు ఏది కోస్తున్నా నా చూపు ముందు వాళ్ళ చేతి మీదికే పోతుంది, గుడ్డ కోసేవాళ్ళయినా చేప కోసేవాళ్ళయినా. ఈసారి మే నెలాఖరు ఆదివారం, మార్కెట్ బయట మామిడికాయ ముక్కలు కొట్టే ఒకాయన చేతిని ముప్పావుగంట నిలబడి చూశాను. హోటళ్ళకీ ఫోన్లకీ అందరూ మార్కులేస్తారు. ఈయనకి ఎవరూ వెయ్యరు కదా అని నేనే వేస్తున్నాను.

నిజానికి మా ఇంట్లో ఈ పని అత్తగారిది. కాయలు ఏరడం, ముక్కలు కొట్టించడం, జాడీలు ఎండబెట్టడం అన్నీ ఆవిడే చూసుకునేది. నిరుడు మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. నాకేమో పెళ్ళిళ్ళ జాకెట్లు మెడ దాకా ఉన్నాయి. సరే అని, కొట్టిన ముక్కలు ఇంటికే తెచ్చిచ్చే ఒక దుకాణానికి ఫోన్ చేశాం. పేరెందుకులెండి. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూతి కట్టి పంపారు. విప్పితే లోపల ఆవిరి పట్టి ఉంది, ముక్కల్లో సగానికి టెంక లేదు, ఉన్నవాటికి జీడి పొర అలాగే అంటుకుని ఉంది. అయినా కలిపేశాం. శ్రావణం వచ్చేసరికి ముక్క వేలితో నొక్కితే నలిగిపోయేది, ఆ మీద పైన తెల్లగా బూజు. అత్తగారు ఏమీ అనలేదు. జాడీ తీసుకెళ్ళి పెరట్లో బోర్లించేశారు. ఆవిడ తిట్టి ఉంటేనే బాగుండేది.

అందుకే ఈ ఏడు నేనే బయల్దేరాను. ముందురోజు రాత్రి ఆవిడ మంచం మీద కూర్చుని చెప్పిన జాగ్రత్తలు పాఠంలా అప్పజెప్పించుకున్నారు. కాయ పీచుండాలి, పుల్లగా ఉండాలి, టెంక ముదిరి ఉండాలి. వాన తగిలిన కాయ వద్దు. ముచ్చిక దగ్గర మెత్తబడితే వద్దు. "తడి మాత్రం తగలనివ్వకమ్మాయ్" అని మూడుసార్లు.

రాజమండ్రి ఎండ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు గోదారి పక్కన ఊరు కదా, చల్లగా ఉంటుందనుకుంటారు. మేలో గోదారి సగం ఇసుకే. రోహిణి కార్తె వచ్చిందంటే పొద్దున్న తొమ్మిదికే ఆ ఇసుక మీంచి వచ్చే గాలి ఇస్త్రీపెట్టె మీంచి వచ్చినట్టుంటుంది. ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధ. అందుకే ఈ ఊళ్ళో వేసవి పనులన్నీ పొద్దున్న ఎనిమిదిలోపో, సాయంత్రం ఆరు దాటాకో. నేను అయిదున్నరకి బండి తీసేసరికే కోటిలింగాల రేవు వైపు తువ్వాళ్ళు మెడలో వేసుకుని పిల్లలు ఈతకి పోతున్నారు. మెయిన్ రోడ్డులో తాటి ముంజలవాడు అప్పుడే గెలలు దింపుతున్నాడు.

మార్కెట్ బయట ఈ నెల్లాళ్ళూ నలుగురైదుగురు కత్తులు బిగించుకుని కూర్చుంటారు. నేను చెప్పే ఆయన చివర, వేపచెట్టు దాటాక. బోర్డు లేదు, పేరు అడగలేదు. యాభై దాటిన మనిషి. పక్కన ఆయన భార్య చిన్న చాకుతో జీడి తీస్తూ కూర్చుంటుంది. మిగతా వాళ్ళ దగ్గర ఇద్దరు ముగ్గురే ఉంటే ఈయన దగ్గర ఎనిమిది మంది ఉన్నారు. నేను ముందు ఖాళీగా ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాను. రెండు కాయలు కొట్టడం చూశాక వెనక్కొచ్చి ఈ వరసలో నిలబడ్డాను.

తేడా ఏమిటంటే, అక్కడ కాయని ఎలా పడితే అలా పెట్టి నరుకుతున్నారు. టెంక ఒకవైపు పోతోంది, కండ ఒకవైపు పోతోంది. ఈయన కాయ చేతిలోకి తీసుకున్నాక ఒక్క క్షణం బొటనవేలితో దాని అంచు వెతుకుతాడు. మామిడి టెంక పలక కదా, దానికో అంచుంటుంది, ఆ అంచు సరిగ్గా కత్తి కిందికి వచ్చేలా కాయని తిప్పి పెడతాడు. మందపాటి చెక్కదిమ్మ, దానికి ఒక చివర బోల్టుతో బిగించిన పొడవాటి కత్తి, రెండో చివర పిడి. పిడి పట్టుకుని ఒక్కటే దెబ్బ. టెంక రెండు చిప్పలుగా విడిపోతుంది, రెండు బద్దలకీ చెరో చిప్ప అంటుకుని ఉంటుంది. ఆ బద్దల్ని భార్య వైపు తోస్తాడు, ఆవిడ చాకు మొనతో జీడిని ఎత్తి, దాని కింద కాగితం లాంటి పొరని కూడా గీకి, తుడిచి వెనక్కిస్తుంది. అప్పుడు బద్దకి ఆరు ముక్కలు, కాయకి పన్నెండు. ప్రతి ముక్కకీ ఓ పక్క టెంక. గుడ్డని నిలువు పోగు చూసుకుని కోస్తే అంచు పీలికలు రావు, అడ్డదిడ్డంగా కోస్తే వస్తాయి. ఇదీ అంతే, నాకు చూడగానే అర్థమైంది.

ఎడమచేతి బొటనవేలికి సైకిలు ట్యూబు ముక్క తొడుక్కున్నాడు. దాని మీద సన్నగా పాతిక గాట్లు ఉంటాయి. ఆ గాట్లన్నీ వేలి మీద పడాల్సినవి.

మధ్యలో ఒకసారి ఆగి కత్తికి సాన పెట్టుకున్నాడు. వరసలో ఉన్న ఒకావిడ విసుక్కుంది. "మొద్దుకత్తితో కొడితే కాయ నలుగుద్దండి, నలిగితే నీరొదులుద్ది. రెండు నిమిషాలండి, ఆయ్" అన్నాడు. నేనైతే ఆ రెండు నిమిషాలకే ఇంకో అర మార్కు వేసేశాను. కత్తెర మొద్దుబారినా అలాగే లాగించేసే టైలర్లని చాలామందిని చూశాను.

నా వంతు వచ్చేలోగా పక్క బండి మీద కాయలు తీసుకున్నాను. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి కాస్త ఖరీదు చెప్పాడు, పైగా నాకు నాటుకాయే కావాలి. కాయ ఇరవై అన్నాడు, పద్దెనిమిదికి దిగాడు. పాతిక కాయలు, 450 రూపాయలు. పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన ఏకంగా వంద తీసుకున్నారు. "అమెరికాలో ఇద్దరు, హైదరాబాదులో ఒకడు, అందరికీ డబ్బాలు కట్టాలమ్మా" అన్నారు. ఫోన్లో వీడియో పెట్టి కూతురికి కాయలు చూపిస్తున్నారు. ఆ అమ్మాయి అక్కణ్ణుంచే "టెంక ఉండాలి నాన్నా" అని అరుస్తోంది. వరసంతా నవ్వింది.

నావి చేతికి తీసుకున్నాక ఒక్కో కాయా ముచ్చిక దగ్గర నొక్కి చూశాడు. రెండు పక్కన పెట్టేశాడు.

"ఈ రెండూ లోపల పసుపు తిరిగాయమ్మా. కొట్టమంటే కొడతాను గానీ జాడీలో వెయ్యకండి."

"అప్పుడే ఏరుకున్నాను కదా బాబాయ్ గారూ, గట్టిగానే ఉన్నాయి."

"పైకి గట్టిగానే ఉంటాయండి. పప్పులోకి వాడుకోండి."

ఇంటికొచ్చాక కోసి చూశాను. ఆయన అన్నట్టే లోపలంతా లేత పసుపు. ఆ రెండింటికీ డబ్బులు తీసుకోలేదు. ఇరవై మూడు కాయలకి, కాయకి అయిదు చొప్పున 115 రూపాయలు ఇచ్చాను.

ఇంత చెయ్యి ఎక్కడ తిరిగిందని అడిగాను. ఈ నెల్లాళ్ళే ఈ పనట. మిగతా ఏడాదంతా కడియం నర్సరీల్లో అంట్లు కడతాడు. వేసవిలో అక్కడ పని పలచబడుతుంది, ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. అంటు కట్టేటప్పుడు కొమ్మ మీద కోత ఒక్క గీతలో పడాలి, రెండోసారి గీస్తే అంటు పట్టదు అన్నాడు. ఆ మాట విన్నాక ఇంకేం అడగాలనిపించలేదు.

ఇప్పుడు కోతలు. ఆయనవి కాదు, నా మార్కుల కోతలు.

మొదటిది తుడిచే గుడ్డ. వాళ్ళావిడ దగ్గర ఒక్కటే గుడ్డ ఉంది. ఏడు దాటేసరికి అది మామిడి నీటితో చెమ్మగిల్లిపోయింది. అదే గుడ్డతో అందరి ముక్కలూ. నేను ఇంట్లో మిగిలిన లైనింగు గుడ్డ ముక్కలు ఓ పది ఉతికి ఆరేసి తీసుకెళ్ళాను కాబట్టి సరిపోయింది. ఇస్తే ముందు ఆవిడ "ఎన్ని గుడ్డలని మార్చమంటారమ్మా" అంది గానీ, మార్చింది. వెళ్ళేటప్పుడు మిగిలిన నాలుగూ ఆవిడకే వదిలేశాను. కొట్టే చేతికి అంత శ్రద్ధ ఉన్నప్పుడు తుడిచే గుడ్డకీ ఉండాలి కదా. ఇంటికొచ్చాక అత్తగారు ముక్కల్ని పాత చీర మీద పరిచి ఫ్యాను కింద రెండు గంటలు ఆరబెట్టించారు, అది వేరే సంగతి.

రెండోది వరస. టోకెన్లేమీ లేవు, ఎవరి సంచి ముందు పెడితే వాళ్ళ వంతు. నా ముందు ఇద్దరున్నారనగా ఒకాయన కారు రోడ్డు మధ్యలో ఆపి, దిగీ దిగకుండానే "అర్జెంటుగా వెళ్ళాలండీ" అన్నాడు. ఈయన మారు మాట్లాడకుండా ఆయన నలభై కాయలూ ముందు కొట్టేశాడు. నలభై! మాకెవరికీ పనుల్లేవా? నా మిషను మీద ఆ సాయంత్రం ఇవ్వాల్సిన పెళ్ళి జాకెట్లు మూడున్నాయి. గట్టిగానే అడిగాను. తల గోక్కుని "పెద్దాయన, కాదనలేకపోయానమ్మా" అన్నాడు. పెద్దాయనో కారు పెద్దదో నాకైతే తెలీదు.

మూడోది నీడ. గొడుగు ఒక్కటే, అదీ కత్తి మీదికి. నిలబడేవాళ్ళకి వేపచెట్టు నీడ ఏడున్నర దాకానే వస్తుంది. ఆరింటికల్లా వెళ్ళగలిగితే వెళ్ళండి, ఎనిమిది తరవాతైతే మాత్రం ఆ రోజుకి మానేయండి.

డబ్బులు ఫోన్‌లోనైనా తీసుకుంటాడు గానీ ఆ ఫోను వాళ్ళ బావమరిది దగ్గరుంటుంది, ఆయన టీ తాగి వచ్చేదాకా ఆగాలి. చిల్లర పట్టుకెళ్ళండి.

ముక్కల్ని ప్లాస్టిక్ సంచిలో మాత్రం పొయ్యకండి. నేను గుడ్డసంచి కుట్టుకెళ్ళాను, మా ఇంట్లో గుడ్డకి కరువా. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని గట్టు రోడ్డు మీంచి వచ్చాను, కాస్త దూరమైనా ఆ పూట గాలి తగులుతుందని. 1997లో రైళ్ళు ఆపేసిన పాత హేవ్‌లాక్ వంతెన ఖాళీగా, దాని అవతల ఆర్చి వంతెన మీద ఏదో ఎక్స్‌ప్రెస్సు. పుష్కరాల రేవు మెట్ల కింద నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. 2027లో మళ్ళీ పుష్కరాలు కదా, ఊళ్ళో నలుగురు చేరితే అప్పుడే ఆ కబుర్లు. మామూలుగానైతే కోటగుమ్మం వైపు తిరిగి రోజ్‌మిల్క్ తాగకుండా ఇంటికి వెళ్ళను. ఆ రోజు సంచిలో ముక్కలు ఉక్కిపోతాయని భయం వేసి ఆగలేదు. సాయంత్రం జాకెట్లు ఇచ్చేసి, అప్పుడు వెళ్ళి రెండు గ్లాసులు తాగాను.

కలపడం మాత్రం అత్తగారే. మంచం పక్కన పెద్ద పళ్ళెం పెట్టించుకుని కూర్చునే కలిపారు. మా ఇంటి లెక్క అయిదు సోలల ముక్కలకి సోలెడు ఆవపిండి, సోలెడు కారం, ముప్పావు సోల దంచిన రాళ్ళ ఉప్పు. మెంతులు, వెల్లుల్లి, గుప్పెడు శనగలు. ముక్క మునిగేదాకా పప్పునూనె. మీ లెక్క వేరే ఉంటుంది, దాని మీద నేను ఎవరితోనూ వాదించను. ఆవకాయ లెక్క మీద వాదించి మాటలు మానేసుకున్న అక్కచెల్లెళ్ళు నాకు తెలుసు.

మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, గరిటెతో ఒక్కో ముక్కా తిప్పి చూస్తూ టెంక లేనివి ఏరడం మొదలుపెట్టారు. అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఇరవై మూడు కాయలు, కాయకి పన్నెండు, 276 ముక్కలు. టెంక లేనివి పదకొండు తేలాయి. నిరుటి లెక్క గుర్తొచ్చి నేను లోపల్లోపల సంబరపడుతున్నాను. ఆవిడ ఆ పదకొండునీ చిన్న సీసాలోకి తీసి, "పనివాడే" అన్నారు. మా అత్తగారి నోట ఆ మాట రావడం అంటే సామాన్యం కాదు. నా కుట్టు గురించి ఇంతవరకు అనలేదు.

నా లెక్కలో అయిదుకి నాలుగు. గుడ్డకి అర, కారాయనకి అర పోయింది. నీడకి తియ్యలేదు, ఎండ ఆయన తప్పు కాదు. ఈ ఏడు ఇంకా ఆవకాయ పెట్టనివాళ్ళుంటే తొలకరి పడకముందే వెళ్ళండి, కాయలు ఇంట్లోనే కడిగి తుడిచి ఆరబెట్టుకుని వెళ్తే మరీ మంచిది. కొట్టుడు ఖర్చు అంతే, తడి భయం తక్కువ. పొడి గుడ్డలు ఓ నాలుగు ఎక్కువే పట్టుకెళ్ళండి.

టెంక లేని ముక్కలు ముందు తినేయాలని అత్తగారి ఆర్డరు. ఇది రాస్తున్నప్పటికి ఆ చిన్న సీసాలో మిగిలినవి మూడు.