పైథాన్ హైపోథెసిస్ లైబ్రరీ: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న టీమ్. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో టెంపరేచర్ చూసే పెట్టెల నుంచి వచ్చే డేటాని సర్వర్‌లో విప్పే కోడ్ నేను రాస్తా. పెట్టె పంపేది టెక్స్ట్ కాదు, 12 బైట్ల ప్యాకెట్. డిగ్రీలని వందతో గుణించి రెండు బైట్లలో పెడతారు, అంటే 5.20 డిగ్రీలైతే 520. దీనికి టెస్టులు రాద్దామని హైపోథెసిస్ పట్టుకున్నా, టెస్టులో వేసి చూసే ఇన్‌పుట్లని అదే పుట్టించే లైబ్రరీ ఇది. ఫ్రీ, పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) నిమిషంలో ఎక్కేస్తది, టెస్టులు నడిపే పైటెస్ట్‌తో బాగా కలిసిపోద్ది.

నాకు దీంట్లో బాగా నచ్చింది ష్రింకింగ్. మనం నాలుగైదు నంబర్లు ఏరుకుని టెస్ట్ రాసే బదులు "ఈ రేంజ్‌లో ఏ నంబరైనా ప్యాక్ చేసి మళ్ళీ విప్పితే అదే రావాలి" అని చెప్తే చాలు, మామూలుగా 100 రకాలు అదే వేసి చూస్తది, ఫెయిలైతే ఏదో పెద్ద నంబర్ మన మొహాన పడేసి ఊరుకోదు, తగ్గించుకుంటా వచ్చి అతి చిన్నది చూపిస్తది. నాకు మైనస్ 1 చూపించింది. చూడగానే తెలిసిపోయింది, ప్యాక్ చేసేటప్పుడు సైన్డ్ (మైనస్‌లు కూడా పట్టేది), విప్పేటప్పుడు అన్‌సైన్డ్ (మైనస్‌లు లేనిది) పెట్టా, మైనస్ 1 కాస్తా 65535 అయిపోతోంది. ఇంకో టెస్టులో ఏ బైట్లైనా సరే పార్సర్‌కి (ప్యాకెట్ విప్పే కోడ్) ఇచ్చా, ఖాళీ బైట్లకే, లేని బైట్ చదవబోయి ఇండెక్స్ ఎర్రర్‌తో పడిపోయింది. ఫెయిలైనవి ఫోల్డర్‌లో దాచుకుని మళ్ళీ రన్ చేసినప్పుడు ముందు వాటినే వేస్తది, అది కూడా చాలా మంచి పని.

ఇప్పుడు అసలు విషయం, కొత్తగా వాడేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి, మొదటి పెట్టె బిగించాం, సాయంత్రానికి స్టోరేజీ ఓనర్ గారు ఫోన్. "ఏందబ్బాయ్, లోపల చలికి చేతులు కొంకర్లు పోతంటే నీ యాప్ ఇరవై డిగ్రీలంటది?" నిజంగానే 20.50 చూపిస్తోంది. పెట్టె లిటిల్ ఎండియన్‌లో (చిన్న విలువ బైట్ ముందు) 08 02 అని పంపితే నేను బిగ్ ఎండియన్‌లో (పెద్ద విలువ బైట్ ముందు) చదివా, 520 కాస్తా 2050 అయింది. మరి టెస్ట్ ఎందుకు పట్టలేదంటే ప్యాక్ చేసేదీ విప్పేదీ రెండూ నేనే రాశా, రెండింట్లోనూ అదే తప్పు, వేసిన తాళం తీసిన తాళం ఒకటే కాబట్టి రౌండ్ ట్రిప్ (ప్యాక్ చేసి మళ్ళీ విప్పడం) ఎన్ని వేల సార్లు తిప్పినా పాసే అవుద్ది. ఇది లైబ్రరీ తప్పు కాదు, దానికి మన పెట్టె సంగతి ఎలా తెలుస్తది? అసలు పెట్టె నుంచి పట్టుకున్న బైట్లని అలాగే టెస్టులో రాసి "దీనికి 5.20 రావాలి" అని పెట్టుకోవాలి, ఇలాంటివి రెండు మూడున్నా చాలు, కానీ ఉండి తీరాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. మా ప్యాకెట్ చివర సీఆర్సీ ఉంటది, అంటే బైట్లు దారిలో చెడిపోయాయేమో పట్టే చెక్ నంబర్, దాంతో ఊరికే వచ్చే బైట్లన్నీ ఆ గుమ్మం దగ్గరే తిరిగిపోతాయి, లోపలి కోడ్‌ని అసలు తాకవు. అందుకని లోపలి ఫీల్డులు దాన్ని ఇవ్వమని సీఆర్సీ మనమే లెక్కకట్టి అతికించాలి, ఇంకో టెస్టులో మంచి ప్యాకెట్‌లో ఒక్క బిట్ తిప్పి పార్సర్ కాదంటదో లేదో చూడాలి. ఇది నాకు తట్టేసరికి వారం పట్టింది. ఫ్లోట్‌లు (దశాంశ సంఖ్యలు) వాడేవాళ్ళకి నాన్ (NaN, "నంబర్ కాదు" అనే విలువ) తలనొప్పి, అది దానికదే సమానం కాదు కాబట్టి టెస్ట్ ఊరికే ఫెయిలవుద్ది. ఒక్కో ఉదాహరణకి 200 మిల్లీసెకన్లు గడువు, పాత ల్యాప్‌టాప్ అయితే అది పెంచుకోండి.

నా వరకు ఐదుకి నాలుగున్నర. పెట్టె లోపల నడిచే కోడ్, అదే ఫర్మ్‌వేర్, రాసే అన్నని ఇంకో రెండు ప్యాకెట్లు అడిగా, సున్నా కంటే కిందున్నది ఒకటి, సెన్సార్ వైరు ఊడితే వచ్చేది ఒకటి, రాగానే ఆ బైట్లు కూడా టెస్టులో ఎక్కించేస్తా.